"అలవాటైతది సార్": హన్మకొండల చేయించుకున్న ప్రోగ్రెస్సివ్ అద్దాల మీద మూడు నెలల రివ్యూ

ముందుగాల రేటింగ్ చెప్త, తర్వాత కథ. అద్దాలకు నాలుగు స్టార్లు, షాపుకు రెండు, నా తలకాయకు మాత్రం అయిదుకు అయిదు. తలకాయకు రేటింగ్ ఏందని నవ్వకుండ్రి. ఈ మూడు నెలల్ల నాకు సమజైందేందంటె కండ్లద్దాల షాపోడు అమ్మేది సగం సామానే, మిగిలిన సగం పని మన పుర్రెల జరుగుతది, దానికి బిల్లు ఉండదు.

నా సంగతి జర చెప్త. వయసు 46, ఎనుమాముల మార్కెట్ల ఒక ఆడ్తి (కమీషన్) దుకాణంల గుమాస్తా పని. ఎప్పుడో కాకతీయ యూనివర్సిటీ కింద బీజెడ్‌సీ డిగ్రీ చేసిన, జువాలజీ అంటె పాణం, ఆఖరికి మిర్చి బస్తాల లెక్కలు రాసుకుంట బతుకుతున్న, అది వేరే కథ తియ్. రెండేండ్ల సంది తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద అంకెలు దూరం పెట్టి చూసుడు షురువైంది, చెయ్యి సాపి సాపి ఇగ చెయ్యి పొడుగే సరిపోలే. చత్వారం. దీన్ల కంటి తప్పేం లేదు, లోపటి లెన్సు ముసలిదయింది అంతె. కంట్లకు వచ్చే వెలుగును వంచుడుల మూడింట రెండొంతుల పని ముందున్న సాఫ్ పొర కార్నియాదే, వెలుగు వంచే బలం కొలిచే డయాప్టర్ల లెక్కన మొత్తం 60 దాక ఉంటె అందుల 43 దానివే, గని అది ఎప్పుడూ ఒకటే తీరు వంచుతది. దూరానికి దగ్గరికి ఫోకస్ మార్చేది ఎనుకనున్న లెన్సు, అది ఉబ్బితె దగ్గరిది కనపడతది. చిన్నపిల్లలకు అది మెత్తగ ఉంటది గాబట్టి పుస్తకం ముక్కుకు ఆనిచ్చి కూడ చదువుతరు. ఏటేటా గట్టిపడుకుంట వస్తది, నలభై దాటినంక దాని సుట్టున్న కండరం ఎంత బిగబట్టినా లెన్సు మాట వినదు.

మా అమ్మకు 2023 ల కంటి వెలుగు రెండో విడతల మా వాడకే వచ్చి చూసి దగ్గరి అద్దాలు ఫ్రీగ ఇచ్చిండ్రు, బియ్యంల రాళ్లేరుకునేటందుకు ఆమెకు అవే మస్తు. మా బాపు నడుమ గీత ఉన్న బైఫోకల్‌తోనే ముప్పై ఏండ్లు ఎల్లదీసిండు. నాకు మాత్రం మూడు దూరాలు కావాలె, జెండా పాట (మార్కెట్ వేలం) కాడ అవతలున్న ఖరీదుదారు మొఖం, టేబుల్ మీద కంప్యూటర్, చేతుల తక్‌పట్టీ. బైఫోకల్‌ల నడిమి దూరం ఉండదు. ప్రోగ్రెస్సివ్‌ల మీది నుంచి కిందికి పవర్ మెల్లమెల్లగ పెరుగుకుంట పోతది, గీత ఉండదు, 1959 ల ఫ్రాన్స్‌ల మైతెనాజ్ అనే ఇంజినీరు వారిలక్స్ పేరుతోని తెచ్చిండు. అయితె దీన్ల ఒక లెక్క ఉన్నది, అది షాపుల ఎవ్వలు ముందుగాల చెప్పరు. గీత లేకుండ పవర్ పెంచాల్నంటె అద్దం నడుమల ఒక సన్న తొవ్వ మాత్రమే సాఫ్‌గ ఉంటది, దానికి రెండు దిక్కుల కింది మూలలు వంకర బొమ్మే చూపెడతయి. ఎంత పైసలు పెట్టినా ఆ వంకర పోదు, ఖరీదైన డిజైన్లల్ల దాన్ని జర సదిరి ఓ మూలకు నెడతరు, అంతే.

ఇగ షాపు. హన్మకొండ చౌరస్తాకు దగ్గర్ల ఉంటది, పేరు రాయను. ఏసీ, అద్దాల మీద లైట్లు, పొయినోనికి చల్లని నీళ్లు, ఆ మర్యాదకు ఏం వంక పెట్టను. డాక్టర్ రాసిన చీటీ నా కాడ ఉండె, దూరానికి ప్లస్ 0.50, కుడి కంటికి కొంచెం సిలిండర్, దగ్గరికి ఇంకో ప్లస్ 1.75. అయినా వాళ్ల మిషన్ల గదువ పెట్టిచ్చి రోడ్డు చివర గాలి బుడగ బొమ్మ చూపెట్టిండ్రు, అది అందరికి తెలిసిందే. ఆ తర్వాత షురువైంది అమ్ముడు. సన్నగుంటది సార్ అని 1.67 ఇండెక్స్ అన్నరు, నా అసుంటి చిన్న పవర్‌కు అది దండుగ, వద్దన్న. నీలి వెలుగును ఆపే బ్లూ కట్ తీసుకోండి సార్ కంప్యూటర్ పని కదా అన్నరు, దానికి పడిపోయిన. తర్వాత చదివితె తెలిసింది, 2023 ల వైద్య పరిశోధనలను జమచేసి చూసే కోక్రేన్ అనే సంస్థోళ్లు 17 ట్రయల్స్ ఒక్కకాడ పెట్టి చూస్తె కంప్యూటర్ ముంగట కూసున్నోళ్ల కంటి అలసట బ్లూ కట్‌తోని తగ్గినట్టు ఏం దొరకలేదట. ఆరు వందలు పాయె. ఫ్రేంతోని కలిపి మొత్తం 7,400 అయింది.

కొలత తీసుడు మాత్రం ఇప్పటికీ కండ్ల ముంగట ఉన్నది. తమ్ముడు ఒక ప్లాస్టిక్ స్కేల్ నా ముక్కు మీద పెట్టి కంటిపాపకు కంటిపాపకు నడుమ ఎంతో చూసి 64 అని రాసుకున్నడు. ఫ్రేం పెట్టిచ్చి అద్దం మీద చుక్క పెట్టుడు లేదు, ఏం లేదు. నాకప్పుడు తెల్వదు గాబట్టి నేనూ అడగలే.

అద్దాలు వచ్చిన రోజు ఆదివారం. అటే పోయి వెయ్యిస్తంభాల గుడిల మొక్కొస్త అనుకున్న, మెట్లెక్కుతుంటె కాలు ఏసిన కాడ మెట్టు లేదు, రెండు వేళ్లంత కింద ఉన్నది. కిందికి చూస్తె దగ్గరి పవర్‌ల నుంచి చూస్తున్నం కద, మెట్టేమో అయిదడుగుల దూరం, మసక. సరె అని గద్వ ఛాతికి ఆనిచ్చి ఎక్కిన. లోపల మండపంల నిలబడి తలకాయ అటు ఇటు తిప్పిన్నో లేదో స్తంభాలు నీళ్లల్ల నీడలెక్క ఊగినయి. కాకతీయులు 1163 ల కట్టిన గుడి, లేతు మీద తిప్పినట్టు నునుపు స్తంభాలు, ఎనిమిదిన్నర వందల ఏండ్ల సంది కదలనియి నా ఏడువేల నాలుగు వందలకు వంగినయి. కడుపుల తిప్పింది. నందీశ్వరుని పక్కపొంటి కూసున్న కాసేపు.

షాపుల వాళ్లు దీన్ని స్విమ్ అంటరట. ఎందుకైతదో చెప్త, ఇండ్ల నా జువాలజీ పనికొచ్చింది. ముందుగాల మీరే ఓ పని చేయుండ్రి. ఏదన్న కాయితం చేతుల పట్టుకొని దాన్ని జర్ర జోరుగ అటు ఇటు ఊపుకుంట చదువుండ్రి, అక్షరాలు పారిపోతయి. ఇప్పుడు కాయితం కదలకుండ పట్టుకొని అంతే జోరుగ తలకాయ ఊపుకుంట చదువుండ్రి. చదవొస్తది! కంటి లెక్కన చూస్తె రెండూ ఒకటే ఊపుడు, మరి ఎట్ల? చెవుల లోపట మూడు అర్ధవృత్తాల గొట్టాలుంటయి, అండ్ల నీళ్లు తల ఎటు ఎంత తిరిగిందో పసిగడతయి, ఆ కబురు మెదడు కాండంల రెండు మూడు నరాల కణాలు దాటి సీదా కంటి కండరాలకు పోతది, తల కుడికి తిరిగితె కన్ను అంతే జోరుగ ఎడమకు తిరుగుతది. సెకండుల నూరో వంతు పట్టదో పడతదో, అంత తొందర. చూసి, తెల్సుకొని, అప్పుడు తిప్పాల్నంటె సాధ్యం కాదు, గందుకనే చూపును అడగకుండ చెవే కన్నును తిప్పుతది.

ఇప్పుడు ప్లస్ అద్దం పెట్టినమనుకో, అది బొమ్మను కొంచెం పెద్దది చేసి చూపెడతది, తల ఒక డిగ్రీ తిరిగితె లోకం ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తిరిగినట్టు పడతది. చెవి పాత లెక్కనే చెప్తది, కన్ను పాత లెక్కనే తిరుగుతది, మిగిలిన ఆ తేడానే స్తంభాలు ఊగుడు. ప్రోగ్రెస్సివ్‌ల ఇంకో పరేషాన్ ఏందంటె మీద ఒక పవర్, కింద ఒక పవర్, మూలలకు వంకర, కాబట్టి ఒక్క లెక్క నేర్చుకుంటె సరిపోదు, కన్ను ఏ దిక్కు చూస్తున్నదో దాన్నిబట్టి లెక్క మారాలె. దాన్ని తిరగ రాసేది చిన్న మెదడు. బొమ్మ రెటీనా (కంటి లోపట ఎనుకపొర) మీద జారిందంటె తప్పు జరిగిందని దానికి కబురు పోతది, అది కాటా సరిచేసినట్టు కొంచెం కొంచెం సరిచేసుకుంట పోతది. మా కాంటాదారు కూడ అంత ఓపికతోని చెయ్యడు.

అందుకని వాళ్లు "దినమంత పెట్టుకోండి, తీస్తా పెడతా ఉండకండి" అంటరు, అది నిజమే. నేను చేసిన తప్పు అదే, తలకాయ తిరిగినప్పుడల్లా తీసి పాత దగ్గరద్దాలు పెట్టుకునేది. తప్పు జరిగితెనే కద చిన్న మెదడు నేర్చుకునేది, తప్పే జరగనియ్యకుంటె అదేం నేర్వాలె.

మూడో దినం షాపుకు పొయిన. "తమ్మీ, మెట్లు కనపడతలెవ్వు, తలకాయ తిరుగుతున్నది."

"ఫస్ట్ టైం ప్రోగ్రెస్సివ్ అందరికి గట్లనే ఉంటది, అలవాటైతది సార్."

"ఎన్ని దినాలు?"

"పదిహేను రోజులు సార్, మ్యాక్సిమం."

ఆ మాట మీద నాకు నమ్మకం ఎందుకు కలిగిందంటె డిగ్రీల చదివిన స్ట్రాటన్ యాదికొచ్చిండు. అమెరికాల సైకాలజిస్టు, 1897 ల ఎనిమిది దినాలు తలకిందులు చూపెట్టే లెన్సుల గొట్టం కుడి కంటికి కట్టుకొని, ఎడమ కన్ను మూసుకొని తిరిగిండు, రాత్రికి తీసి కండ్లకు గంతలు కట్టుకొని పండేటోడు. మొదటి దినం గ్లాసు పట్టుకోవాల్నన్నా చెయ్యి అటు పొయ్యేది, వాంతికొచ్చినట్టు అయ్యేది. చివరికొచ్చేసరికి ఇంట్ల మామూలుగ నడిచిండు. అసలు లోకం ఆయనకు సీదాగ కనపడ్డదా, లేక తలకిందులకే అలవాటుపడ్డడా అని తర్వాత మస్తు వాదాలైనయి, నాకైతె రెండోదే అనిపిస్తది. ఇంకో మాట, మన రెటీనా మీద బొమ్మ ఎట్లనూ తలకిందులే పడతది, ఈ సంగతి కెప్లర్ 1604 లనే రాసిండు. మటన్ దుకాణంల మేక కన్ను అడుక్కొచ్చి ఎనుక తెల్లపొర కోసి కిటికీకి ఎదురుంగ పట్టుకొని చూసినం మేము డిగ్రీల, చింతచెట్టు కొమ్మలు కిందికి, మొదలు మీదికి. లోపట బొమ్మ చూసేటందుకు ఇంకో మనిషి కూసోలేదు గాబట్టి సీదా చేయాల్సిన పనే లేదు, చెయ్యి ఎటు పోతె వస్తువు అందుతదో అది తెలిస్తె చాలు.

సరె, పదిహేను దినాలు పెట్టుకున్న, పట్టువదలకుండ. నిజంగనే నాలుగైదు దినాలకు ఊగుడు సగం తగ్గింది, వారానికి బండి మీద నక్కలగుట్ట దాక పోయొచ్చిన. బ్లూ కట్ రంగు కూడ అంతే, మొదటి పూట తెల్ల కాయితం లేత పచ్చగ కొట్టింది, మర్నాటికి తెల్లగనే అనిపిచ్చింది. అద్దం మారలే, లోపట లెక్క మారింది. మా మార్కెట్ల ఇది దినాం చూస్తం, చపాట మిర్చి పొద్దుగాల ఎండల ఎరుపే, షెడ్డుల ట్యూబ్‌లైట్ కింద ఎరుపే, కంట్ల పడే వెలుగు రెండు జాగలల్ల పూరాగ వేరైనా సరె. సుట్టున్న వెలుగు ఎట్లున్నదో అంచనా కట్టి దాన్ని తీసేసి రంగు చెప్తది మెదడు. అయితె ఆ తీసేసుడు వందకు వంద ఉండదు, గందుకే తెలిసిన ఖరీదుదారు దోసెడు కాయలు పట్టుకొని షెడ్డు బయటికి పోయి ఎండల చూసే పాట పాడతడు. మన వరంగల్ చపాటకు 2025 ల జీఐ ట్యాగ్ వచ్చింది కద, దానికి పేరొచ్చిందే రంగు మీద.

పదహారో దినానికి నా లెక్క ఇట్లుండె: ఊగుడు పోయింది, దూరం బాగున్నది, రంగు బాగున్నది, గని చదువుడు రాలే. తక్‌పట్టీ చదవాల్నంటె గదువ పైకి లేపి, తల కొంచెం ఎడమకు తిప్పి, కోడి చూసినట్టు చూడాలె. సాయంత్రానికి మెడకాయ ఎనుక నొప్పి. చూపు బొమ్మ తయారయ్యే జాగ కూడ ఆడనే, తల ఎనుక పుర్రె లోపట, కండ్లకు ఎంత దూరమో చూడుండ్రి. నొప్పికి దానికి సంబంధం లేదు, నొప్పి మెడ కండరానిది, ఊకె చెప్తున్న.

షాపుల మల్ల అదే పాట. "ఇంకో వారం చూడండి సార్, కొంతమందికి నెల పడతది." నేను తిరిగొచ్చిన. ఇగో ఈ కాడనే నాకు షాపు మీద కోపం, ఎందుకంటె అదే వారం పెద్ద తప్పు జరిగింది. ఒక రైతు బస్తాల కాంటా చీటీ చూసి లెక్క రాస్తున్న, ఒక బస్తా 33 కిలోలు, నేను 38 రాసిన. రైతుకు లాభమే గాబట్టి ఆయనేమన్లే, మా సేటు పట్టుకున్నడు. నేను ప్రమాణం చేసి చెప్త, నాకు 38 అనే కనపడ్డది, మసకగ కూడ కాదు, సాఫ్‌గ 38. మిగిలిన బస్తాలన్నీ 38, 39, 40 ఉండె, కండ్లు పంపిన బొమ్మల 3 కో 8 కో తేల్చేటంత వివరం లేదు, మెదడు ఖాళీ జాగల తనకు తెలిసింది పెట్టి నాకు చూపిచ్చింది. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మనీ ఆయన 19వ శతాబ్దంలనే అన్నడు, చూసుడు అంటె మనకు తెల్వకుండ మనం కట్టే అంచనా అని. ఆ అంచనా తప్పైనా సరె మసకగ రాదు, ఒరిజినల్ లెక్కనే వస్తది, దాని మోసం అక్కడనే ఉన్నది.

నమ్మకపోతె ఇది చేసి చూడుండ్రి. కాయితం మీద రెండు చుక్కలు, నడుమ 8 సెంటీమీటర్లు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితోని ఎడమ చుక్కనే చూసుకుంట కాయితాన్ని 30 సెంటీమీటర్ల కాడ ముందుకు ఎనుకకు జరపుండ్రి, ఒక కాడ కుడి చుక్క మాయమైతది. అక్కడ రెటీనాల నరం బయటికి పొయ్యే తొర్ర ఉంటది, వెలుగు పట్టే కణాలే ఉండయి. 1660 ల ప్రాంతంల మారియట్ అనే ఫ్రెంచాయన దీన్ని కనిపెట్టిండు. మరి తొర్ర ఉన్నప్పుడు నల్లగ కనపడాలె కద, కనపడదు, గీతల కాయితం అయితె గీతలు కూడ అతుక్కొని కనపడతయి. పుట్టిన కాడి నుంచి అట్ల రఫ్ఫు కొట్టిన గుడ్డనే మనం చూస్తున్నం.

ఇంకా అన్యాయం ఏందంటె సాఫ్‌గ చూసే జాగ కూడ ఇంతంతె. చెయ్యి సాపి బొటనవేలు గోరు చూడుండ్రి, దాదాపు అంత మేరనే మన కంటికి పదునైన చూపు. ఫోవియా అంటరు దాన్ని. మిగిలిన లోకమంతా మసక మసకనే పడతది, కన్ను సెకండుకు మూడు సార్ల దాక దుముకుతది, దుమికినప్పుడల్లా జారిన బొమ్మను మెదడు మింగేస్తది. అద్దం ముంగట నిలబడి మీ కుడి కన్ను, ఎడమ కన్ను మార్చి మార్చి చూసుకోండి, మీ కండ్లు కదిలేది మీకెన్నడు కనపడదు, పక్కనున్నోళ్లకు కనపడతది. ఒక్కో రెటీనాల వెలుగు పట్టే కణాలు రెండు తీర్లు, 12 కోట్ల దాక రాడ్లు, 60 లక్షల దాక కోన్లు, బయటికి పొయ్యే నరంలనేమో పది పన్నెండు లక్షల తీగలు. అంటె మెదడుకు పొయ్యేముందే కంట్లనే మూట కట్టుడు జరుగుతది, అంచులు, తేడాలు, కదలికలు పంపుతది, ఏకంగున్నదాన్ని పెద్దగ పట్టించుకోదు. మా సేటుకు నేను చెప్పినట్టు, బస్తా బస్తా చెప్పను, లెక్క తేడా వస్తేనే చెప్త. ఇంకో సంగతి, కంటికి మెదడు పైభాగానికి నడుమల థాలమస్ అనే జాగల ఒక మజిలీ ఉంటది, అక్కడికి కంటి నుంచి వచ్చే కబుర్ల కన్నా మెదడు పైనుంచి కిందికి పంపేయే ఎక్కువ. డిగ్రీల ఇది చదివినప్పుడు నమ్మలే, 33 కిలోల బస్తా కాడ నమ్మిన.

సరె కథకు వస్త. చీటీ రాసిన డాక్టర్ కాడికే పొయిన. ఆడ అద్దాలు చూసే అమ్మాయి ఒకామె, మా బిడ్డ వయసుంటది, అద్దాలు తీసుకొని లైటుకు ఎదురుంగ తిప్పి తిప్పి చూసి స్కెచ్ పెన్నుతోని చిన్న చిన్న గురుతులు పెట్టింది. ప్రతి ప్రోగ్రెస్సివ్ అద్దం మీద కంటికి దొరకనంత సన్నగ రెండు గురుతులు చెక్కి ఉంటయట, రెండిటి నడుమ 34 మిల్లీమీటర్లు, చెవి దిక్కున్న దాని కింద దగ్గరి పవర్ అంకె ఉంటది. వాటినిబట్టి కంటిపాప ఎదురుంగ ఉండాల్సిన జాగ ఎక్కడో లెక్క కట్టి నా మొఖానికి పెట్టింది.

"అంకుల్, ఇది మీ పాప కన్నా మూడు మిల్లీమీటర్లు కిందున్నది. మీకు కుడి కన్ను ముక్కుకు దగ్గర, ఎడమది దూరం. 30.5, 33.5. వీళ్లు 64 ను సగం చేసి 32, 32 పెట్టిండ్రు."

"అలవాటు కాదా బిడ్డా?"

"మెడకు అలవాటైతది, కంటికి కాదు."

ఈ మాట బంగారం. దగ్గరి పవర్ ఉన్న సన్న తొవ్వ మూడు మిల్లీమీటర్లు కిందికి పోతె గదువ లేపాల్సిందే, కుడి కంటికి ఒకటిన్నర, ఎడమ కంటికి ఒకటిన్నర ఒకే దిక్కు పక్కకు పోతె సీదా చూసినప్పుడు రెండు కండ్లూ తొవ్వల పడయి. గందుకే తల ఎడమకు తిప్పాల్సొచ్చింది. రెండు కండ్ల నరాలు నడుమల ఓ కాడ సగం సగం అడ్డం మార్చుకొని, ఎడమ దిక్కు లోకమంతా కుడి మెదడుకు, కుడి దిక్కుది ఎడమ మెదడుకు పోతది, తల ఎనుక పోయినంకనే రెండు కండ్ల బొమ్మలు ఒక్కటైతయి. రెండూ మసకగ వస్తె కలిపినా మసకే. హ్యూబెల్, వీజెల్ అనేటోళ్లు 1950 లల్ల పిల్లి మెదడుల ఆ జాగలనే చూసిండ్రు, ఒక్కో కణం ఒక్కో వాలు గీతకే పలుకుతదని. చుక్కల స్లైడు చూపెడుతుంటె కణం పలకలే, స్లైడు గాజు అంచు నీడ తెర మీద జరిగినప్పుడు పటపటా పలికింది, 1981 ల నోబెల్ వచ్చింది. అంటె అక్కడికి చేరేసరికి బొమ్మంతా గీతలు, వాలులు, అంచులు. ఊగే స్తంభాన్ని మెదడు సరిచేయొచ్చు, ఎందుకంటె గీత వచ్చింది, కాకపోతె వంకరగ వచ్చింది, వంకర ఎంతో లెక్క కడితె సరి. గీతే రాకపోతె? ఫోవియా మీద 3 పడనే పడలే, ఇగ ఏం సరిచేస్తది, 38 చేస్తది.

కాబట్టి "అలవాటైతది" అన్న మాట అబద్ధం కాదు, సగం సమస్యకు అది నిజమైన మందు. అదే మాటను తమ కొలత తప్పుకు కూడ కప్పేసుడే షాపు చేసిన పని. ఆ తమ్మునికి తెలిసి చేసిండని నేననను, వానికి నేర్పినోడే అట్ల నేర్పిండొచ్చు.

ఆ అమ్మాయి రాసిచ్చిన కాయితం, గురుతులు పెట్టిన అద్దాలు రెండూ పట్టుకొని షాపుకు పొయిన. ఈసారి ఓనరే ఉండె. ముందుగాల "మా దగ్గర ఎవ్వలు కంప్లైంట్ చేయలే సార్" అన్నడు. నేను గొంతు పెంచలే, స్కెచ్ పెన్ను గురుతు, నా కంటిపాప, రెండూ అద్దంల చూపెట్టిన. అప్పుడు సప్పుడు లేదు. లెన్సు కంపెనీ వారంటీ కింద మల్ల చేయిస్తమన్నడు, పైసలు అడగలే, పది దినాలన్నడు, పద్దెనిమిది పట్టింది. ఈసారి ఫ్రేం పెట్టిచ్చి, ముక్కు మీద సరిగ్గ కూసోబెట్టి, సీదా చూడమని, అద్దం మీద పెన్నుతోని పాప కాడ చుక్క పెట్టి, ఒక్కో కన్ను వేరే వేరే కొలిచిండు. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు మొదలే పెడితె రెండో స్టార్ పక్కన ఇంకో రెండు ఇచ్చేటోన్ని.

కొత్త జోడు వచ్చినంక మల్ల ఊగుడు మూడు దినాలు, అంతే. నాలుగో దినం తక్‌పట్టీ గదువ లేపకుండ చదివిన. మెట్ల కాడ ఇప్పటికీ తల వంచాలె, అది ప్రోగ్రెస్సివ్ పెట్టుకున్న ఎవ్వరికైనా తప్పదు. మంచంల పండుకొని టీవీ చూస్తె మాత్రం దిండు ఎత్తు చూసుకోవాలె, ఒరిగి చూస్తె మూలల వంకరలకెల్లి పడతది. సెల్‌ఫోన్‌కు బాగున్నది. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకొని పనిచేసేటోళ్లకు నేను ఇది చెప్పను, సన్న తొవ్వల నుంచి రెండు స్క్రీన్లు చూడాల్నంటె మెడ తిరగలి అయితది, వాళ్లకు ఆఫీస్ లెన్సులని వేరే ఉంటయి.

కొనబోయేటోళ్లు స్కేల్‌తోని ఒక్కటే అంకె రాసుకుంటె లేచి రండ్రి. ఫ్రేం లోతుగ ఉన్నది తీసుకోండ్రి, సన్న ఫ్రేంల దగ్గరి భాగం కోతల పోతది. అద్దాలు ఇచ్చినప్పుడు ఆ కంపెనీ కాయితపు కవర్, గురుతులున్న కార్డు అడిగి తీసుకోండ్రి. నాకు మొదటి జోడుకు ఇయ్యలే, రెండో జోడుకు "సాయంత్రం పంపిస్త సార్" అన్నడు, నెలయింది. రేపు ఆదివారం చౌరస్తా దిక్కు పని ఉన్నది, పోయి అడుగుత.